కుట్టు దగ్గర మూడుసార్లు

సబ్బు పెట్టినారా తిప్పమ్మా?
అదే తప్పు.
సబ్బు తాగిన గుడ్డకు మైనం పట్టదు.
చన్నీళ్లు, కొబ్బరిపీచు, అంతే.
నీడలో రెండు దినాలు.
మీరేమో పొద్దుగూకేలోపల గావాలంటారు,
టపా సంచి ఆగదంటారు.

ఈ వాసనేంది?
శెనిగనూనె పూసినారా!
ఎవురు చెప్పినారమ్మా,
పింఛను కాగితాలు చదవను
చీమలు బారుకట్టి వచ్చింటాయి.

మా జేజినాయన ఈ గుంతకల్లు యార్డులోనే
గూడ్సు బండ్లకు పట్టాలు కుట్టె.
మూటలు తడిస్తే ఆయన జీతం తడిసె.
చెప్తాండె:
గుడ్డ నడిమధ్య కారదురా నీళ్లు,
సూది పోయిన తావనే కారేది.
అందుకే కుట్టు దగ్గర మూడుసార్లు.

తేనెమైనం రెండు పాళ్లు, కొవ్వొత్తి ఒక పాలు.
డబ్బాను మంట మీద పెట్టగూడదు,
కాగే నీళ్ల సట్టిలో కూసోబెట్టల్ల.
రుద్ది, పైన బొగ్గుల ఇస్త్రీపెట్టె
ఊరికే అట్ల ఆనిస్తే
గుడ్డ మెల్లగ తాగుతాది.
వాన పడిన రేగడి రంగు వస్తాది.

నవ్వుతారేంది?
"పోయినేడు ఎన్ని వానలు పీరన్ సాబూ,
వేళ్ల మీద చెప్పు" అంటారా.
నిజమే.
ఒక చేతిలోనే రెండు వేళ్లు మిగిలె.

లోపలి జేబు తిరగేస్తే ఒక కవరు.
నీలం సిరా అంతా ఒకటే మడుగు.
పేరు లేదు, ఊరు లేదు,
మూలన "గారికి" మాత్రం మిగిలింది.
నేను అడగలేదు.
మీరే చెప్పినారు, నేల చూస్కుంటా:
ఎనిమిదేండ్ల కింద
ఎప్పుడూ పారని వంక ఆ పొద్దు పారిందని,
సైకిలు ఎత్తి పట్టుకుంటే సంచి మునిగిందని,
పై ఆఫీసుకు పంపల్ల, పంపలేదని,
చింపను చెయ్యి రాలేదని.
ఇప్పటికీ ఇంటింటా అడుగుతారంట,
"మీకు రావల్సిన జాబు ఏదన్నా
రాకుండా పాయెనా?" అని.
అందరూ
పాయెననే అంటారంట.

ఇంగ ఆరింది, చూడండి.
చెంబెడు నీళ్లు పోస్తే
గోలీల మాదిరి దొర్లిపాయె.
ఎండలో సైకిలుకు తగిలించి మరిచిపోవద్దు,
మైనం కరిగి కాగితాలకు అంటుతాది.
మడవద్దు. ఏడాదికొకసారి తెండి,
వాన పడినా, పడకున్నా.

నూటిరవై ఇయ్యండి, దారంతో కలిపి.
కవరు దాని జేబులోనే పెట్టినా.
ఆ జేబు కుట్టుకు
నాలుగోసారి గూడా పూసినా,
అది లెక్కలో రాయలా.