వే బిల్లు

పొద్దుగాల ఐదుంబావుకు దేవరకొండ డిపో గేటు ముంగట
యాభై మందిమి, రొమ్ముల మీద నంబర్లు పిన్ను కొట్టుకొని.
నాది పదిహేడు. కిటికీ పక్క సీటు.
జెండా ఊపింది పెద్దసారు,
రైట్ రైట్ అన్నది మాత్రం నేను.
అలవాటు. నవ్వుకుంటనే ఉరికిండ్రు అందరు.

మల్లేపల్లి దాకా పోవాలె, మర్రి రావాలె. ఇరవై కిలోమీటర్లు.
చెల్లె కొడుకు బూట్లు, ముంగట దూది కుక్కిన.
ఈ తొవ్వల పందొమ్మిదేండ్లు నిలబడి పోయిన,
ఏ గుంతకాడ ఏ రాడ్డు పట్టుకోవాల్నో నడుముకు తెలుసు.
కాళ్లకు తెల్వదు.
ఇయ్యాల కాళ్లకు చూపిస్తున్న: ఇగో, ఇదే రోడ్డు.

కిలోమీటరుకింత అని రాయించుకున్న.
డ్రైవర్ జహంగీర్ పది రూపాయలు.
బస్టాండుల చాయ్ పోసే ఎంకులు ఐదు,
నడిస్తే రెండున్నరే అని షరతు.
మేనేజర్ సారు యాభై రాసిండు ధైర్నంగ,
"మూడు కిలోమీటర్లు దాటవు తియ్యి అండాలూ" అనుకుంట.

పిల్లల దవాఖానకు.
పన్నెండు మంచాలు, గాలి పెట్టే మిషనొకటి,
రాత్రిపూట సుత ఇంటికి పోని డాక్టరు.

నాలుగో కిలోమీటరు. ఎగపోస్తున్నది.
బత్తాయి తోటల తడి మట్టి వాసన.
ఇక్కడ్నే, ఈ తండా మలుపుకాడ్నే ఎక్కిందామె
పన్నెండేండ్ల కింద.
చెయ్యెత్తి ఆపలే, చేతులు ఖాళీ లేవు.
జహంగీరే చూసి ఆపిండు.

"ఒకటి, పట్నం" అన్నది. నూరు నోటు ఇచ్చింది.
"పిలగానికెన్నేండ్లు?"
"మూడు."
ఐదేండ్ల లోపు టికెట్ లేదు, పోయి కూసో అన్న.
ముప్పై ఐదు బాకీ అని టికెట్ ఎనక రాసిచ్చిన.
పిలగాని మొఖం చూడలే.
వయసు అడిగిన, మొఖం చూడలే.

సన్నగ ఏదో పాడుకుంట పోతున్నదామె, వాళ్ల మాటల.
బస్సుల ఎవ్వరు వినలే.
మాల్ దాటినంక ఆగింది.
ఆగినంకనే అందరికి వినవడ్డది.

యాచారంల దిగింది.
పట్నం ఇంకా ఉన్నది గదమ్మా అనబోయి, ఆమెను చూసి,
తలుపు పట్టుకొని నిలబడ్డ.
రోడ్డు దాటి అవతలి పక్కకు పోయింది,
మర్రి పోయే బస్సు కోసం.
బాకీ అడగలే.

ఆ రాత్రి వే బిల్లు కట్టిన.
ఎక్కినోళ్లు యాభై రెండు, టికెట్లు యాభై రెండు.
ఆ కాయితం ప్రకారం ఆ బస్సుల ఏం కాలే.
సంచిల ముప్పై ఐదు ఎక్కువున్నయి.
తక్కువొచ్చినా ఎక్కువొచ్చినా మాకు నేరమే,
అయినా కట్టలే.
జర్దా డబ్బాల పెట్టి అటక మీద దాసిన.
పందొమ్మిదేండ్ల నౌకరిల ఒక్కటే దొంగతనం.

పదకొండు. పన్నెండు. కాలి బొటనేలు బూటుల రగతమైంది.
పదమూడుకాడ మన డిపో బస్సే ఎదురొచ్చి మెల్లగైంది,
కిటికీలకెల్లి తలకాయలు:
"ఎక్కక్కా! ఆడోళ్లకు జీరో టికెటేనాయె!"
నవ్వొచ్చింది, నవ్వితే డొక్కల పట్టుకున్నది.
ఎవరో మజ్జిగ ప్యాకెట్ ఇసిరిండ్రు,
రోడ్డు మీద పడి పగిలింది. అదే చల్లగ అనిపిచ్చింది.

తండా మలుపు మల్ల వచ్చింది.
చెయ్యెత్తినోళ్లెవరు లేరు.
అయినా ఆగిన ఒక్క నిమిషం.
స్టేజీ కదా.

మాపటికి లెక్క రాసిన.
జహంగీర్ రెండు నూర్లు. ఎంకులు నూరు,
"నడ్సినవా ఏందే" అని రెండుసార్లడిగి.
మేనేజర్ సారు వెయ్యి,
మొఖం మాడ్చుకొని ఇచ్చిండు, గని ఇచ్చిండు.
ఆఖరుకు నిచ్చెనేసుకొని అటకెక్కిన.
పాత నోట్లు, చిల్లర, ఆమె పేరు తెల్వదు,
పేరు లేకుంటే రసీదు రాయరాదు.

కడపటి గీతల రాసిన:
ఐదేండ్ల లోపు, ఒకరు.
తండా మలుపు నుంచి యాచారం దాకా.
ముప్పై ఐదు రూపాయలు.