జానెడు ఎడం

శనివారం రాత్రి, కగ్గదాసపుర, మూడో అంతస్తు.
మంచం మీద సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది.
ఓబులేసు మోకాళ్ల దగ్గర టేపు పెట్టి
తన నిక్కర్లు కొలుచుకుంటున్నాడు.
"ఇది పనికిరాదు. ఇదీ పనికిరాదు."
పదకొండేళ్లలో మొదటిసారి
ఈ ఇంట్లో బట్టల పొడుగు గురించి
మగమనిషి దిగులు పడుతున్నాడు.
నేను వేరుశనక్కాయలు వొలుచుకుంటూ
తీరిగ్గా చూశాను.

మస్కట్‌కు ఇంకా పంతొమ్మిది రోజులు.
తర్వాత నిజ్వా, పాత కోట,
ఇసుకలో ఒక రాత్రి.
భుజాలు కప్పాలి, మడమల దాకా ఉండాలి,
మసీదు గడపలో తలమీద చున్నీ.
హిందూపురం కాలేజీకి బస్సెక్కిన రోజుల్లో
మా టైలరు ఖాదర్ కుట్టిన కొలతలే ఇవి,
నడుము దగ్గర మాత్రం వదులు చేయించాలి.
నాకిది కొత్త పాఠమేం కాదు,
మర్చిపోయానో లేదోనని పరీక్ష.

"పెళ్లి కాగితం ఉందా మేడం?"
టికెట్లు తీసిన ఇంతియాజ్ అడిగాడు,
మదనపల్లె మనిషి,
ఇందిరానగర్ మెట్రో నీడలో ఆఫీసు,
గోడకు మూడు దేశాల గడియారాలు,
మూడూ ఒకటే టైము.
"అడుగుతారని కాదు. అడిగితే ఉండాల."

మా దగ్గరున్నది
కొండ మీద గుళ్లో తెగిన ఐదొందల పదహార్ల రశీదు,
వరుడి పేరులో ఒక అక్షరం తప్పు,
వధువు పేరు మీద పసుపు మరక.
దేవుడికి అది చాలింది.
ఇంటి ఓనరు గంగాధరప్పకు మాత్రం ఫోటో చూపించాం.
అందులో ఇద్దరం నవ్వడం లేదు కాబట్టి
నమ్మాడు.

బాణసవాడి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, టోకెన్ డెబ్బై నాలుగు.
మా ముందు బెంచీ నిండా
మెడలో పూలు వాడని జంటలు.
కిటికీ వెనకామె కన్నడంలో అడిగింది,
పెళ్లి ఏ తారీకున?
ఇద్దరం ఒక్కసారే
రెండు తారీకులు చెప్పాం.
ఆమె పెన్ను ఆపి, మమ్మల్ని ఎగాదిగా చూసి,
"అనుమానం లేదు, మొగుడూ పెళ్లాలే"
అని ముద్ర కొట్టింది.

ఇక రిహార్సల్.
ఆదివారం పొద్దున కబ్బన్ పార్కు,
వెదురు పొదల నుంచి ఎర్ర లైబ్రరీ దాకా
చెయ్యి పట్టుకోకుండా నడవాలి.
పట్టుకున్నవాళ్లు బజ్జీలు కొనాలి.

నా చెయ్యి నాలుగుసార్లు పోయింది,
మడవ తెలిసిన నీళ్లు పోయినట్టు.
రోడ్డు దాటుతుంటే ఒకసారి,
ఎవరి పిల్లాడో సైకిలు మీంచి పడబోతే ఒకసారి,
కుక్క మొరిగితే ఒకసారి.
నాలుగోదానికి కారణం లేదు.

అప్పుడు జేబుల్లో చేతులు పెట్టుకుని
జానెడు ఎడంగా జరిగి నడిచాను.
అంత దూరం నుంచి అతని నడక చూసి
ఎన్నేళ్లయిందో.

ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"ఎప్పట్నించి?" అన్నాను.
"రెండేళ్లు దాటింది. నీకు తెలుసనుకున్నా."
తెలియలేదు.
చెయ్యి పట్టుకుని నడిచినన్నాళ్లూ
ఆ కాలి బరువు కొంత
నా భుజం మోస్తూ వచ్చిందేమో,
నాకు మాటమాత్రం చెప్పకుండా.
బజ్జీలు నేనే కొన్నాను.
మిరపకాయవి అతనికిచ్చి
అరటికాయవి నేను తిన్నాను.
ఇద్దరం లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం,
అతను లేచేటప్పుడు గోడ పట్టుకున్నాడు,
నా చెయ్యి కాదు. పందెం ఇంకా నడుస్తోందనుకుని.

రాత్రి సూట్‌కేసులో
కొత్త పెళ్లి కాగితానికీ చున్నీకీ మధ్య
మోకాలి పట్టీ ఒకటి చేరింది.
అతను పడుకున్నాక
బాల్కనీలోకి వెళ్లి ఇంతియాజ్‌కు ఫోన్ చేశాను.
మెట్ల మీద చెయ్యి పట్టుకోవచ్చా అని.
అవతల కాసేపు మాట లేదు.
"మెట్ల మీద ఎవురైనా పట్టుకుంటారు మేడం,
దానికెవురూ ఏమనరు."

ఆ కోటకు ఎన్ని మెట్లుంటాయి?

"చానా ఉండాయి మేడం,"
తప్పు తనదైనట్టు చెప్పాడు.

మంచిది, అన్నాను.