ఆరు మార్కుల ప్రశ్న

హోటల్ వాళ్లు పంపిన కాగితంలో
పద్నాలుగు గడులు.
ఒక్కో గడిలో ఐదుకి ఎన్నో వేయాలి నేను,
ఫైనలియర్ పిల్లలందరికీ.

తార్నాక వైపు కిటికీ తెరిచి
ఎర్రపెన్ను మూత పంటికింద పెట్టుకుని
బాలమణి పేరు దగ్గర ఆగిపోయాను.

ఇంగ్లిష్‌లో ధారాళం: రెండు.
ఆత్మవిశ్వాసం: ఏమో.
‘ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావ’ని ఇంటర్వ్యూలో అడిగితే
‘సంతోష్‌నగర్‌లనే సార్, మాది సొంతిల్లే’ అన్నదట.
గది గదంతా నవ్విందట.

పోయిన ఏప్రిల్‌లో
పైగా సమాధుల దగ్గర చూశాను ఆ పిల్లని.
లాతూరు నుంచి వచ్చిన ముసలివాళ్లు,
రావలసిన గైడు రాలేదు.
గచ్చు జాలీల్లోంచి ఎండ ఎట్లా వడకట్టుకుని దిగుతుందో
సగం మరాఠీలో, సగం దక్నీలో చెబుతోంది.
ఒకామె కాళ్లు కాలి ఎగిరెగిరి అడుగులేస్తుంటే
నవాబుల వంశాన్ని అక్కడే వదిలేసి
తన చెప్పులు విడిచి ముందుకు తోసింది.
వాచ్‌మన్‌ని ‘చిచ్చా’ అని ఒక్క పిలుపు పిలిచి
తాళమేసిన బాత్రూం తెరిపించింది.

దీనికి గడేది?

హోటల్ వాళ్లని తిట్టబోయి ఆగాను.
‘పర్యాటకుడు అనగా ఎవరు? నిర్వచింపుము’ అని
పదహారేళ్లుగా ఆరు మార్కులకు
అడుగుతున్నది నేనే.
‘ఊరు కొత్తది, ఆకలి పాతది ఉన్నోళ్లు’
అని రాసింది బాలమణి.
ఒకటిన్నర వేశాను.
పక్కన, భాష సరిచూసుకో అని కూడా.

ఆ హోటల్ మేనేజరు చెప్పిందీ అబద్ధం కాదు.
‘రాత్రి రెండింటికి జర్మనాయన ఒకరు
గీజరు పనిచేయట్లేదంటే
మీ పిల్లలు ఫోను పెట్టేస్తారు సార్, భయంతో.’
నిజమే.
భయానికి మా సిలబస్‌లో యూనిట్ లేదు.

కాగితం అట్లాగే పక్కనబెట్టి
ఈ ఏటి ప్రశ్నపత్రం తిరగరాశాను:
‘అఫ్జల్‌గంజ్‌లో బస్సు నలభై నిమిషాలు ఆలస్యం.
ముప్ఫైమంది. ముగ్గురికి షుగరు.
మొదట ఎవరిని, ఏమని పిలుస్తావు?’

దిద్దేవాళ్ల కోసం జవాబు రాయబోతే
పెన్ను కదల్లేదు.

ఫోన్ చేశాను.
‘బస్సుల ఉన్న సార్, జర గట్టిగ చెప్పున్రి’
అన్నది బాలమణి.

గట్టిగా అడిగాను.