ఎనిమిది తర్వాత ఒకటి

సోమవారం నుంచి ప్రాక్టీసు.
చీర్‌లీడింగ్ జట్టులో కొత్తవాళ్ళకని
రెజీనా అక్క కాగితం రాసిచ్చింది:
గోళ్ళు మొదలంటా తీసెయ్యాలి,
గాజులు, పోగులు, ముక్కుపుడక వద్దు,
నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళదే.
కింద, విడిగా,
కోటేశ్వరి – బేస్.

బేస్ అంటే ఏంటో
ఆ రాత్రి ఫోన్లో చూశాను.
ఎగిరే పిల్ల కాదు.
ఎగిరే పిల్ల పాదం కింద ఉండే పిల్ల.

కష్టమేసింది, అబద్ధమెందుకు.
పైనుంచి చూస్తే కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు
ఎంత చిన్నగా ఉంటుందో
అప్పటికే ఊహించేసుకున్నాను.

వ్యాసర్పాడి హౌసింగ్ బోర్డులో
మా మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కవు.
లారీ హారన్ వినబడితే నేనే దిగాలి.
చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె,
నలభై రెండు మెట్లు.
సెలక్షన్ రోజు అక్క నన్ను ఎగాదిగా చూసి
జిమ్ముకి వెళ్తావా, అంది.
లేదక్కా, లారీకి వెళ్తా.

ఇప్పుడు రోజూ గంటసేపు మేడ మీద.
చేతులు బారచాపి నిలబడితే
ఆ భంగిమకి ఇంగ్లీషులో ఏదో అక్షరం పేరు.
నాకది దండెం.
రెండూ పైకెత్తి విడదీస్తే పంగలకర్ర.
పిడికిళ్ళు నడుం మీద పెడితే
లారీ దగ్గర వరస తప్పినవాళ్ళని నిలదీసే మా అమ్మ.
ఇలా పేర్లు పెట్టుకున్నాక
ఒక్కటీ మర్చిపోలేదు.

పిడికిలి కడితే బొటనవేలు బయట.
మణికట్టు వంగకూడదు.
నవ్వు ఆపకూడదు.
మూడోదే చావు.
నవ్వుతూ గుంజీళ్ళు తీస్తుంటే
ట్యాంకు మీది కాకి కూడా
కాస్త జరిగి కూర్చుంటుంది.

లెక్క ఇంకో తంటా.
మన ఎనిమిది నోట్లోంచి పూర్తిగా దిగేలోపు
చెయ్యి కిందికి వచ్చేస్తోంది.
కుదించుకున్నాను:
ఒక్, రెణ్, మూ, నాల్,
ఐ, ఆర్, ఏడ్, ఎన్
మళ్ళీ ఒక్.
ఇక్కడ తొమ్మిది ఉండదు నాయనమ్మా, అంటే
నా చదువూ అంతేగా,
ఎనిమిదితోనే మాన్పించారు, అంది
చింతపండు పిక్కలు తీస్తూ.

బరువు తెలియాలని
బియ్యం బస్తాకి దుప్పటి చుట్టి ఎత్తాను.
ఇరవై ఐదు కిలోలు. గడ్డం దాకా, అక్కడ ఆపి,
ఒక్క ఊపున తల పైకి.
బస్తా భయపడదు, అదే తేడా.

పైకెక్కే పిల్ల పేరు యాళిని.
అణ్ణానగర్. నలభై మూడు కిలోలు.
మొన్న క్యాంటీన్లో తనే వచ్చి
"భయమేస్తే నా మడమ వణుకుతుంది,
ముందే చెప్తున్నా" అంది తమిళంలో.
వణకనీ, అన్నాను.
ఆ మాట ఎందుకన్నానో, ఏ ధైర్యంతో అన్నానో.

మడమ ఒక చేతిలో, వేళ్ళు ఒక చేతిలో.
పైన ఉన్న పిల్ల కిందికి చూడకూడదట.
కింద ఉన్న పిల్ల
ఆమె మీదనుంచి కళ్ళు తిప్పకూడదట.
కోర్టు చుట్టూ ఎవరు లేచి నిలబడ్డా
ఎవరు చప్పట్లు కొట్టినా
నాకు కనిపించేది
యాళిని, ఆమె వెనక కాస్త ఆకాశం.

ఆదివారం రాత్రి.
ముక్కుపుడక పసుపు డబ్బాలో దాచాను.
గోళ్ళే మిగిలాయి.
అత్త కూతురి పెళ్ళికని పెంచినవి,
ఇంకా మెరూన్ రంగు పోలేదు.
బేసిన్ బ్రిడ్జి వైపు ఏదో రైలు ఆగి ఆగి కూస్తోంది.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

దీపం పెట్టాక గోళ్ళేంటే, లక్ష్మి పోతుంది!
నాయనమ్మ అరిచింది.
రేపు ఆ పిల్ల కాలికి గీరుకుంటే, అన్నాను.
ఏ పిల్ల?
చెప్పాను.
నా భుజాల మీద నిలబడే పిల్ల అన్నాను,
సులువుగా అర్థమవుతుందని.

కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత తిట్టుకుంటూనే
ఫోను టార్చి నా వేళ్ళ మీదికి వంచింది.
కదలకు.
ఒక్, రెణ్, మూ...
తనే లెక్కపెడుతోంది, నా లెక్కలోనే.
ఎన్ దగ్గర ఆగి
నా మొహంలోకి చూసింది.

ఇంకా రెండున్నాయి నాయనమ్మా.