బెజ్జం లేని సూది

పదకొండూ నలభైకి ఫీడరు ఆపినాను.
లాగ్‌బుక్కులో ‘ఏనుగుల సంచారం’ అని రాసినాను.
అబద్ధమేం కాదు,
కౌండిన్య అడివి దాటి మూడు దిగినాయని
మధ్యాన్నమే ఫోనొచ్చింది.
శివరాత్రి మర్నాటి అమాస.
పలమనేరు వెలుగు మాత్రం పడమటి గట్టు మీద
ఆరీ ఆరని పొయ్యి మాదిరి ఉండిపాయె.

దస్తగిరి టమేటా తోటలో, మంచె పక్కన
నా గొట్టాన్ని నిలబెట్టినాను.
ఎనిమిదంగుళాల అద్దం. రెండు ఎండాకాలాలు
సబ్‌స్టేషన్ వరండాలో చేత్తో అరగదీసింది.
స్వాతికీ ఉత్తరకూ నడుమ వెతకాల.
ఉత్తర చూసి గంప ఎత్తే మనుషులం,
గంప దించి చూసేదానికి ఇంత రాత్రి కావాల్సొచ్చె.

“ఏముంది సార్ ఆడ?”
చుట్లు చుట్లుగా తిరిగే గెలాక్సీ ఒకటి,
అంచు మాత్రమే మన పక్కకు పెట్టింది.
పెనం మట్టానికి కన్ను దించి
దోసెను చూసినట్టు.

కన్నానించి చానాసేపు ఊరకున్నాడు.
“పొగ గూడా లేదు.”
నేరుగా చూడగాకు, అంటిని.
పక్కనుండే చీకటిని చూడు, అదే వస్తాది.

బజారు వీధిలో ముప్పయ్యేండ్లు జాకెట్లు కుట్టిన కన్ను.
దారం ఎక్కించేటప్పుడు దారాన్నీ చూడడంట, సూదినీ చూడడంట,
రెండిటి పక్కనుండే గాలిని చూస్తాడంట.
“ఆఁ” అన్నాడు. గొంతు తగ్గిపాయె.
“సూది. బెజ్జం లేదు.
నడుమ, పొడుగునా, నల్లదారం పోతావుంది.”

అది దుమ్ము.
వెనక వెలుతురును అడ్డుకుంటా ఉంది కాబట్టే
ఉన్నట్టు తెలుస్తా ఉంది.
కోట్ల ఏండ్ల కిందట బయల్దేరిన వెలుగని చెప్పబోయి
ఆపుకున్నాను.
అంకెలు చెబితే ఆయనకు అప్పు గుర్తొస్తాది.

అప్పుడు, దక్షిణం గట్టు మీద
రెండు చుక్కలు ఆరిపాయె.
మళ్ళా వెలిగె. వాటి పక్కవి ఆరిపాయె.
నేరుగా చూస్తే ఏమీ లేదు.
పక్కకు చూస్తే
ఇల్లంత నలుపు, నడస్తా ఉంది.

దస్తగిరి ఒక చేతిలో టపాకాయ, ఒక చేతిలో అగ్గిపెట్టె.
“గీస్తే ఈ కంటికి మళ్ళా ఎంతసేపు సార్?”
అరగంట.
ఊతకట్టెలు విరిగిన చప్పుడు. ఒక సాలు.
ఇంకో సాలు.
“కిలో మూడు రూపాయలు,” అన్నాడు
అగ్గిపెట్టె జేబులో వేసుకుంటా,
“మదనపల్లెకు బాడిగ గూడా రాదు. తిననీ.”
మళ్ళా వొంగినాడు.
“సూది జారిపాయె సార్.
కొంచెం జరపండి.”