చేతుల మీద కూర్చున్న శనివారం

వాల్పరైసో కొండ మీది బాలబడి.
కిటికీలోంచి నా ఓడరేవు,
నేను నూనె పూసే క్రేన్లు
ఇక్కణ్ణుంచి పిచ్చుక కాళ్ళంత.

పెద్దవాళ్ళందరినీ
చీమలకు చేసినట్టున్న కుర్చీల్లో కుదేసి
గ్రసియేలా టీచరు ఒకటే చెప్పింది:
"అడగండి. ముట్టుకోకండి.
ఉండబట్టలేని వాళ్ళు
చేతులు తొడల కింద పెట్టుకోండి."

నవ్వాను. పెట్టుకున్నాను.

మా రాయెన్‌కి ఐదేళ్ళు.
దానికిచ్చినవి పద్నాలుగు స్ట్రాలు, కాస్త టేపు,
రెండు పుస్తకాల మధ్య జానెడు ఖాళీ.
ఆ ఖాళీ మీదుగా
ఓ ఇనుప బొమ్మలారీ దాటాలి.

మొదటి వంతెన కూలింది.
రెండోది కూలడానికి కూడా నిలబడలేదు.

ఇరవై రెండేళ్ళు ఇనుముతో కాపురం చేసినవాణ్ణి.
ఎక్కడ కుంగుతుందో చెవితో చెప్పగలను.
మూడు స్ట్రాలు, ఒక త్రికోణం, అంతే కదా!
మాట నాలిక చివరికొచ్చి
పళ్ళు తడుతోంది.
కింద నా చేతులు
బుట్టలో పీతల్లా ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి.

పక్క బల్ల దగ్గర నోటరీ ఒస్సాందోన్ గారు
కొడుకుని ఎప్పుడో పక్కకు జరిపేసి
చొక్కా చేతులు మడిచి తానే కట్టేస్తున్నాడు.
వాడు టేపుని వేలికి ఉంగరంలా చుట్టుకుని
వీధిలో కుక్కను చూస్తున్నాడు.

మా నాన్న గుర్తొచ్చాడు.
టార్చిలైటు పట్టుకోమనేవాడు నన్ను.
వెలుగు కాస్త కదిలితే వీపు మీద ఒకటి.
పడవ ఇంజను బాగయ్యేది.
లోపల ఏం బాగయిందో
ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

గొంతు సవరించుకున్నాను.
"ఎక్కడ వంగిందే?"

బల్ల మీద చెంప ఆనించి
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"నడుం దగ్గర నాన్నా.
దీనికీ అమ్మమ్మలాగే నడుం నొప్పి."
"మరి అమ్మమ్మ ఏం చేస్తుంది?"

బదులు లేదు.
రెండు స్ట్రాలు తీసి
వంతెన కింద చేతికర్రల్లా ఏటవాలుగా ఆనించింది.
నేననుకున్న ఆకారం కాదది.
నేనయితే అలా కట్టను.

లారీ సగం దాకా పోయింది.
వంతెన మూలిగింది, ఓర్చుకుంది,
అందరూ చప్పట్లు కొట్టి అటు తిరిగాక
మెల్లగా పక్కకు ఒరిగిపోయింది.

"ఇంకో రెండు స్ట్రాలు కావాలి" అంది,
టీచరుతో. నాతో కాదు.

లేవబోతే కాళ్ళు తిమ్మిరి.
అరచేతుల నిండా కుర్చీ గీతలు, ఎర్రగా.
రాయెన్ వచ్చి వాటిని వేలితో లెక్కపెట్టింది.
ఆరు తర్వాత ఎనిమిది అంది.

ఊరుకున్నాను.