యబీ, అబీ

జహ్రాలో తొమ్మిదేండ్లు
"అనా యబీ" అంటానే బతికినా.
అనా యబీ సబ్బు. అనా యబీ మందుబిళ్ళ.
వంటింట్లో అందరిదీ అదే అరబ్బీ,
సిలోను ఆమెది, ఫిలిప్పీన్ పిల్లది, నాది.

నిన్న బియ్యం ఏరతా ఉంటే
ఏడేండ్ల లూల్వా నోటుబుక్కు మూసి నవ్వింది:
"యబీ అంటే వాడికి కావాలని.
నీకైతే అబీ. అను, ఓబుళమ్మా, అబీ."

ఎవడు వాడు?
ఇన్నేండ్లు నా నోట్లో కూచోని
నా మందూ, నా నిద్రా, నా సెలవూ
వాడికని అడిగినోడు?

మన మాటలో "నాకు కావల్ల" అంటాం.
కావల్సింది నడిచొచ్చేదాకా
వాకిట్లో నిలబడుంటాం.
ఈ అబీలో
నేను ముందే లోపలుండా.

రాత్రి గిన్నెలు కడగతా కొళాయికి అప్పజెప్పినా.
అబీ. అబీ అనామ్. నాకు నిద్ర కావల్ల.
నీళ్ళకు వ్యాకరణం పట్టదు.

తెల్లారి మామా ముందర నిలబడినా.
"శినూ తబీన్?" ఏం కావాలంట,
ఫోనులోంచి తల ఎత్తకుండానే.
"అబీ జవాజీ."
నా పాస్‌పోర్టు.

అప్పుడు ఎత్తింది తల.
"ఎవరు నేర్పినారు నీకు?"

లూల్వా బూటు లేసు కట్టుకుంటా ఉంది,
కట్టిందే మళ్ళీ కట్టుకుంటా.